ఎర్రపచ్చాయన చూసిన కొండ

సర్వే ఆఫీసులో ఆయన్ని అందరూ ఎర్రపచ్చాయన అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయనా నొచ్చుకోకుండా పలుకుతాడు. కొత్తగా చేరినవాళ్ళు అది ఇంటిపేరేమో అనుకుని హాజరుపట్టీలో వెతుక్కోవడం కూడా జరిగింది. ఆ పేరు నడివయసులో వచ్చింది గానీ, దానికి కారణం మాత్రం పుట్టుకతోనే వచ్చింది. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా ఆయన కంటికి తెలియదు. రెండూ ఒకే మట్టిరంగులో కవలపిల్లల్లా కనిపిస్తాయి.

చిన్నతనంలో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. బడిలో చెట్టు బొమ్మ వేసి ఆకులన్నిటికీ ఎర్ర రంగు పూస్తే, టీచరమ్మ "ఆకు రాలే కాలమా? భలే ఆలోచించావురా" అని మెచ్చుకుంది. పెరట్లో పండిన టమాటాలు కోసుకురమ్మంటే పచ్చివీ పండినవీ కలిపి కోసుకొచ్చేవాడు. వాళ్ళమ్మ తల కొట్టుకుని, "వీడికి పని చెప్పేకన్నా మనం చేసుకోవడమే నయం" అనేది. ఆయనకది లాభంగానే తోచింది.

అసలు సంగతి రైలు నడిపే ఉద్యోగానికి వెళ్ళినప్పుడు బయటపడింది. రాతపరీక్ష గట్టెక్కాడు. పరుగూ గట్టెక్కాడు. కంటిపరీక్షలో మాత్రం రంగురంగుల చుక్కలున్న పుస్తకం ముందు పెట్టి, "ఇందులో ఏ అంకె కనిపిస్తోంది?" అని అడిగారు.

"అంకె ఎక్కడుందండీ? అన్నీ చుక్కలేగా!" అన్నాడు.

డాక్టరు పేజీ తిప్పాడు. మళ్ళీ చుక్కలే. చివరికి పుస్తకం మూసేసి, "బాబూ, నీ చూపులో లోపం లేదు, రంగుల్లోనే తికమక ఉంది. సిగ్నల్ దగ్గర ఈ తికమక పనికిరాదు" అన్నాడు మెల్లగా. ఆ రోజు ఆయన బస్సెక్కలేదు. ఇంటిదాకా నడిచే వచ్చాడు. దారిపొడవునా పట్టాల మీద వెళ్ళే రైళ్ళను చూస్తూ, ఒక్కటీ తనది కాదనుకుంటూ వచ్చాడు.

తర్వాత దొరికిందే ఈ సర్వే ఆఫీసు ఉద్యోగం. వెనకవైపు గదిలో విమానాల నుంచి తీసిన పాత ఫొటోలు అలమరాల నిండా ఉండేవి. అన్నీ నలుపు తెలుపులే. ఒకే చోటుకు రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, వాటి మీద రెండు కటకాల అద్దం నిలబెట్టి చూస్తే, చదునుగా ఉన్న కాగితం మీంచి కొండలూ చెట్లూ ఒక్కసారిగా పైకి లేచి నిలబడేవి. ఆయన పని వాటి హద్దులు గీయడం: ఇది అడవి, ఇది పొద, ఇది గడ్డి, ఇది తోట. మొదటిరోజే ఆ గది ఆయనకు తెగ నచ్చేసింది. ఇక్కడ రంగుల బెడద లేదు. మనుషులు నాటిన తోట దువ్విన తలలా ఉంటుందనీ, అడవి అప్పుడే నిద్రలేచిన తలలా ఉంటుందనీ తనకు తానే కనిపెట్టుకున్నాడు. గడ్డినేల ఉన్నిలా మెత్తగా ఉండేది. పొదలు చలికి రోమాలు నిక్కబొడుచుకున్నట్టు ఉండేవి.

ఒక్కటే చిక్కు. హద్దులు గీశాక చివర్లో రంగు పెన్సిళ్ళతో నింపాలి. ఆ చిక్కు విప్పింది ఆయన భార్య.

ఆమె అప్పటికింకా భార్య కాదు. రెండు వీధుల అవతల కుట్టుకొట్టు నడిపేది. ఈయన ప్యాంటు పొడవు తగ్గించమని వెళ్ళి, మాట కలపాలని "మీ పచ్చ శాలువా చాలా బాగుందండీ" అన్నాడు. ఆమె తన శాలువా వంక చూసుకుంది. అది దానిమ్మగింజ ఎరుపు. వేళాకోళం చేస్తున్నాడనుకుని మొహం ముడుచుకుంది. తర్వాత దారం ఎంచుకోమంటే, గోధుమరంగు ప్యాంటుకు ఆయన ముచ్చటపడి ముదురాకుపచ్చ దారం ఎంచాడు. ఆమె దారపుబంతి చేతిలో పట్టుకుని ఆయన మొహంలోకి చూసింది.

"మీకు రంగులు సరిగ్గా తెలియవు కదూ?"

ఆ ప్రశ్న అలా సూటిగా, జాలి లేకుండా అడిగిన మొదటి మనిషి ఆమే.

"ఎవరికీ చెప్పకండి" అన్నాడు.

"చెప్పను. కానీ మీ బట్టలకు దారం మాత్రం ఇకమీద నేనే ఎంచుతాను."

ఎంచుతూనే ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆమె ఆయన పెన్సిళ్ళన్నీ ముందేసుకుని, కత్తెర మొనతో ఒక్కోదాని తోక దగ్గర గాట్లు పెట్టింది. ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు రెండు, గోధుమరంగుకు మూడు. వేలితో తడిమితే చాలు, రంగు తెలిసిపోయేది. ఆ గాట్ల పెన్సిళ్ళతోనే ఆయన ఏళ్ళ తరబడి మ్యాపులు నింపాడు. ఆఫీసులో ఒక్క పురుగుకు కూడా అనుమానం రాలేదు.

అలాంటి ఆఫీసులోకి ఒక ఉదయం డ్రోన్ వచ్చింది.

దాంతోపాటు దాన్ని ఎగరేసేవాడూ వచ్చాడు. అంతకుముందు పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడట. గుండ్రటి మనిషి, గుండ్రటి నవ్వు. డ్రోన్ నేల మీంచి లేచే ప్రతిసారీ "రెడీ... అందరూ నవ్వాలి!" అని అలవాటు కొద్దీ అరిచేవాడు. అందరూ అతన్ని కెమెరామన్ అనే పిలిచేవారు. సెక్షన్ పెద్ద అయిన మేడమ్ ఆ డ్రోన్‌ని చూసి పసిపిల్లలా సంబరపడింది. ఆమె మాట వేగం, నడక వేగం, ఆలోచన ఇంకా వేగం. టేబుల్ మీద టీ మాత్రం ఎప్పుడూ చల్లారిపోయే ఉండేది.

పని కూడా డ్రోన్ వెంటే వచ్చింది. ఊరికి తాగునీరిచ్చే జలాశయం చుట్టూ కొండలున్నాయి. ఆ కొండల అడవిలోకి ఎక్కడినుంచో ఒక తీగ వచ్చి పడింది. చెట్లెక్కి, వెలుతురు అందకుండా కమ్మేసి, నిలువునా ఎండబెడుతోంది. చెట్లు పోతే వాన పడ్డప్పుడల్లా మట్టి కొట్టుకొచ్చి జలాశయం పూడిపోతుంది. తీగను పీకించడానికి నీళ్ళ శాఖ సిద్ధంగానే ఉంది. ఆ తీగ ఎక్కడెక్కడ ఉందో చూపించే మ్యాపు కావాలంది. కొండలేమో నిటారు. మనుషులు నడిచి చూడాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకే పైనుంచి ఫొటోలు.

ఈ డ్రోన్ కెమెరా మామూలుది కాదు. మన కంటికి అందని కాంతిని కూడా పట్టుకుంటుంది. బతికున్న ఆకు ఆ కాంతిలో ధగధగా మెరుస్తుంది. ఆ మెరుపును తెర మీద ఎర్రగా చూపిస్తారు.

"జాగ్రత్తగా వినండి" అంది మేడమ్, అందరినీ కంప్యూటర్ చుట్టూ చేర్చి. "ఇందులో ఎర్రగా కనిపించేదంతా పచ్చటి ఆకు. ఎర్రమట్టి ఉందనుకోండి, అదేమో పచ్చగా కనిపిస్తుంది. అర్థమైందా?"

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు కదా మేడమ్. ఈ కెమెరాకి ఎర్రకామెర్లొచ్చాయన్నమాట!" అన్నాడు కెమెరామన్.

అందరూ ఘొల్లున నవ్వారు. మన ఆయన మాత్రం గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఉలిక్కిపడి కళ్ళజోడు సర్దుకున్నాడు. మామూలు ఎరుపూ పచ్చా తెలియనివాడికి తిరగేసిన ఎరుపూ పచ్చానా! తెర మీద గాట్లు పెట్టడం ఎలా? కంప్యూటర్‌కి తోక ఎక్కడుంటుంది?

కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. పక్కవాళ్ళు ఏమంటున్నారో విని తలూపేవాడు. పని మాత్రం చేతికి చిక్కలేదు. ఒకరోజు చెట్టన్నది లేని రాతిగని మట్టిదారిని 'దట్టమైన అడవి' అని గుర్తుపెట్టాడు. మేడమ్ దాన్ని చూసి, "ఏమైందండీ మీకు? ఇన్నేళ్ళలో మీ గీత తప్పడం నేను చూడలేదు. ఓసారి కళ్ళు చూపించుకోండి" అంది, కోపం లేకుండానే. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి కుట్టుమిషను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. భార్య మిషను తొక్కడం ఆపలేదు.

"ఏమండీ, మొహం అలా వేలాడేశారేం?"

"నా పని అయిపోయింది. ఇంక ఈ రంగుల్లో నేను ఈదలేను."

"అయితే చెప్పేయండి."

"ఏమని చెప్పను? ఇన్నేళ్ళూ మీ అందరి కళ్ళూ కప్పాననా?"

"మీరెవరి కళ్ళు కప్పారు? గీసిన మ్యాపుల్లో ఒక్కటైనా తప్పుందా? మీ కన్ను కొంత, నా చెయ్యి కొంత అనుకుని ఇద్దరం కలిసి చేశాం. ఇప్పుడు నా చెయ్యి అక్కడిదాకా అందట్లేదు. ఆ మాటే చెప్పండి." గుడ్డ తిప్పి మళ్ళీ తొక్కుతూ, "దాచుకుంటే పుండు, చెప్పుకుంటే కథ" అంది.

మర్నాడు పొద్దున్నే అందరూ ఉండగానే ఆయన లేచి నిలబడ్డాడు. మొత్తం చెప్పాడు: చుక్కల పుస్తకం, రైలు ఉద్యోగం, గాట్ల పెన్సిళ్ళు. చెప్పి, పెన్సిళ్ళ డబ్బా తీసి మేడమ్ ముందు పెట్టాడు.

ముందుగా తేరుకున్నది కెమెరామన్. "ఆగన్నా, ఆగు. అంటే నీకు ఎర్రదీపం, పచ్చదీపం ఒకటేనా?"

"ఒకటే."

"మరి బండెలా నడుపుతున్నావ్?"

"పైది వెలిగితే ఆగుతా, కిందది వెలిగితే పోతా."

"ఓరి దేవుడా! రోజూ నీ వెనకాలే కదన్నా నేను కూర్చునొచ్చేది!"

ముందు నవ్వింది ఆయనే. తర్వాత గదంతా నవ్వింది. మేడమ్ నవ్వుతూనే ఒక పెన్సిలు తీసుకుని, కళ్ళు మూసుకుని, గాటు మీద వేలు పెట్టి చూసింది. "రెండు. ఆకుపచ్చ" అంది. కళ్ళు తెరిచి, "మీ ఆవిణ్ణి ఎప్పుడో మన సెక్షన్లో వేసుకోవలసింది" అంది. ఆ తర్వాత కుర్చీ గిర్రున తిప్పి కంప్యూటర్ వైపు తిరిగింది.

"సరే, నాకూ ఓ చిక్కుంది, వినండి. చెట్టాకూ తీగాకూ ఈ ఫొటోల్లో ఒకే ఎరుపుగా మెరుస్తున్నాయి. రంగు చూసి విడదీయమంటే కంప్యూటర్ రెండింటినీ కలగాపులగం చేసి పెడుతోంది. మాకూ రంగే అడ్డమొస్తోంది. రంగు తీసేస్తే మీకేం కనిపిస్తుందో చూద్దామా?"

ఒక మీట నొక్కింది. తెర మీద ఎరుపంతా ఇంకిపోయి బూడిదరంగు మిగిలింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ముందుకు వంగాడు. మొహం విప్పారింది.

"ఆఁ! ఇప్పుడు కొండ కొండలా ఉంది."

"ఏం కనిపిస్తోంది?"

"ఇదిగో, ఇటు చూడండి. చెట్ల తలలు కాలీఫ్లవర్ ముక్కల్లా దేనికది విడిగా ఉన్నాయి. తలకీ తలకీ మధ్య నల్లటి నీడగీత ఉంది. చూశారా? ఇప్పుడు ఇటు రండి. ఇక్కడ ఆ గీతలు లేవు. ఎగుడుదిగుడులున్నాయి గానీ అంచులన్నీ మొద్దుబారిపోయాయి. ఊరికి వెళ్ళేవాళ్ళు ఇంట్లో కుర్చీలూ బల్లల మీద దుప్పటి కప్పేసి పోతారే, అలా."

వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. నీళ్ళ శాఖ తరఫున ఈ పనికి వచ్చిన మొక్కల డాక్టరమ్మ అప్పుడే లోపలికి వచ్చి నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, బురద బూట్లు, భుజాన సంచీ. ఆకులు ఎండబెట్టి, కాగితాలకు అంటించి, పేర్లు పెట్టడంలో జీవితం గడిపిన మనిషి.

"తమ్ముడూ, కొండ కింద జనం ఆ తీగనేమంటారో తెలుసా? దుప్పటితీగ!" అంది. "నేను దాని కింద నిలబడి చూస్తాను కాబట్టి నాకు ఆకే కనిపిస్తుంది. ఆ దుప్పటి ఎంత దూరం పరిచి ఉందో ఇప్పుడే చూస్తున్నా."

ఆ రోజు నుంచి పని పరుగందుకుంది. కెమెరామన్ ఫొటోలు తెచ్చేవాడు. మన ఆయన బూడిదరంగు తెర మీద దుప్పట్ల అంచులు గీసేవాడు. డాక్టరమ్మ ఆ చోట్లలో కొన్నిటికి నడిచి వెళ్ళి ఆకు చేత్తో పట్టుకుని ఔననో కాదనో చెప్పేది. మేడమ్ ఆ నీడగీతల లెక్కను కంప్యూటర్‌కి నేర్పేది. డాక్టరమ్మ కాదన్నవీ తక్కువేం కాదు. ఎండుతీగనూ పచ్చితీగనూ ఆయన విడదీయలేకపోయేవాడు. అక్కడ రంగు కావలసిందే. అప్పుడు మేడమ్ "జరగండి, ఇది నా వంతు" అని మౌసు లాక్కునేది. ఆయన గీసిన నమూనాలన్నిటినీ దాచిన ఫోల్డరుకు కెమెరామన్ 'ఎర్రపచ్చ' అని పేరు పెట్టాడు. ఫోల్డరు పేరు మెల్లగా మనిషికి అంటుకుంది. ఇంటికెళ్ళి చెప్తే భార్య కడుపుబ్బా నవ్వి, "నేను పిలిచే 'ఏమండీ' కన్నా అదే బాగుంది" అంది.

మంచిపేరు వస్తే మనిషికి కొంచెం గాలి ఎక్కుతుంది. ఆయనకూ ఎక్కింది. ఒకనాడు జలాశయం అవతలి గట్టున ఒక వింత మచ్చ కనిపించింది. నున్నగా ఉంది, పైన చిన్న చిన్న ముడుల్లాంటివి వరసగా ఉన్నాయి. ఇది దుప్పటితీగ కాదు, కొత్త మొక్కేదో దిగిందని పట్టుబట్టాడు. మేడమ్ "నీడ తేడాగా పడిందేమో" అన్నా వినలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. సరేనని అందరూ కలిసి బయలుదేరారు. ముళ్ళు గీసుకుంటూ, చెమటలు కక్కుతూ పోయి చూస్తే, నర్సరీవాళ్ళు మొక్కలకు ఎండ తగలకుండా కప్పి, ఎప్పుడో వదిలేసిన నీడ వల. దాని సందుల్లోంచి గడ్డి మొలిచింది.

కెమెరామన్ ఎంతో వినయంగా చేతులు కట్టుకుని అడిగాడు. "డాక్టరమ్మా, దీని శాస్త్రీయనామం?"

డాక్టరమ్మ వంగి, ఒక అంచు పట్టి లాగి, కళ్ళజోడులోంచి నిదానంగా పరీక్షించి, "ప్లాస్టిక్" అంది.

అంత ఎండలోనూ వాళ్ళు నేల మీద కూర్చుండిపోయి నవ్వారు. ఎర్రపచ్చాయన కూడా నవ్వాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏమిటో ఆ రోజు తెలిసొచ్చిందని ఇప్పటికీ చెబుతాడు.

అందుకే ఆ తర్వాత నిజంగా వింతైనది కనిపించినప్పుడు నోరు విప్పలేదు.

కొండల వెనక నిటారైన లోయ ఒకటి ఉంది. రెండువైపులా రాతిగోడలు. దుప్పటితీగ ఇంకా అక్కడికి పాకలేదు. ఆ లోయ ఫొటోలో, మిగతా చెట్ల గుబురు తలల మధ్య, ఒక చోట కొన్ని చెట్లు వేరుగా కనిపించాయి. వాటి కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా ఉన్నాయి. ఒక్కో అంతస్తూ బండిచక్రంలా విచ్చుకుని ఉంది. నేల మీద పడ్డ నీడలో చక్రపు పుల్లల్లాంటి కొమ్మలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఇన్నేళ్ళలో, ఆ పాత విమానం ఫొటోల్లో కూడా, ఇలాంటి తల ఆయన చూసి ఎరగడు.

ఆఫీసులో చెప్పలేదు. భార్యకు చెప్పాడు.

"మరి డాక్టరమ్మకు చూపించారా?"

"మళ్ళీ ప్లాస్టిక్ అయితే?"

"అయితే మళ్ళీ నవ్వుతారు. నవ్వితే పోయేదేముంది? చూపించకపోతే మాత్రం మీకు నిద్ర పోతుంది, మీ దొర్లుడుకి నాకూ పోతుంది."

మర్నాడు డాక్టరమ్మను పక్కకు పిలిచి చూపించాడు. ఆమె మొదట నిలబడే చూసింది. "పెద్దది చెయ్యి తమ్ముడూ" అంది. "ఆ నీడ చూపించు" అంది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమిటండీ, మళ్ళీ వలేనా?"

"కాదు." ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. "పెద్దవాళ్ళు గొడుగుమాను అనేవారు. నేను చదువుకునే రోజుల్లో దాని ఎండుకొమ్మ ఒకటి చూశాను. మా గురువుగారు ఆయన చిన్నప్పుడు కోసిన కొమ్మ. ఆ తర్వాత ఈ కొండల్లో దాన్ని ఎవరూ చూడలేదు. పోయిందనే రాసుకున్నాం." ఉన్నట్టుండి లేచి నిలబడింది. "అయినా పైనుంచి చూసి పేరు పెట్టకూడదు. ఆకు చేతికి రావాలి. పద, వెళ్దాం."

"ఇప్పుడేనా?" అంది మేడమ్ అటునుంచి.

ఇప్పుడే కుదరలేదు. దారి చూసుకోవాలి, తాళ్ళు కావాలి, వానలు కాస్త తెరిపివ్వాలి. చివరికి ఒక సెలవురోజు బయలుదేరారు. కుట్టుకొట్టు కూడా ఆ రోజు మూసి ఉంది గనక భార్య తనూ వస్తానంది. "ఇన్నాళ్ళూ మీ కొండలు కాగితం మీదే చూశాను. ఒక్కసారైనా ఎక్కి చూడద్దూ?" అంటూ అందరికీ సరిపడా తిండి డబ్బాల్లో సర్దింది.

లోయలోకి దిగే దారి దారే కాదు. రాళ్ళు పట్టుకుని ఒకరి చెయ్యి ఒకరందుకుంటూ దిగారు. కెమెరామన్ డ్రోన్ పెట్టెను పసిబిడ్డలా గుండెలకు హత్తుకుని "నేను పడ్డా పర్లేదు, ఇది పడకూడదు" అంటూ వచ్చాడు. ఒక మలుపు తిరిగాక ముందు నడుస్తున్న మేడమ్ ఆగిపోయింది. ఆమె వెనక డాక్టరమ్మ. ఇద్దరూ ఒకేసారి "అబ్బా!" అన్నారు.

ఫొటోలు తీసినప్పుడు ఆ చెట్లకు పూత లేదు. ఇప్పుడు ఉంది. చెట్టు నిండా, ప్రతి అంతస్తు మీదా, కొమ్మ కనిపించకుండా పూలు.

"ఏంటన్నా ఇది, నిప్పంటుకున్నట్టుంది!" అని అరిచాడు కెమెరామన్.

ఎర్రపచ్చాయన తలెత్తి చూశాడు. ఆయనకు ఆకుల్లో కలిసిపోయిన మట్టిరంగు గుత్తులు కనిపించాయి. పక్కనే ఉన్న భార్యకు ఆ సంగతి చెప్పనక్కర్లేదు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఎర్రవా?" అని అడిగాడు.

"ఎర్రవే. కానీ ఒక్కటే ఎరుపు కాదు. మొగ్గలు మందంగా, దుప్పటంత బరువుగా ఉన్నాయి. విచ్చిన పూలు పట్టులా జారిపోతున్నాయి. రాలబోయేవి బాగా ఉతికిన నూలుగుడ్డలా వెలిసి, పలచబడ్డాయి." మళ్ళీ తలెత్తి చూసి, "మొత్తం చెట్టు మాత్రం ఎవరో పెద్ద శుభవార్త విని కేక పెట్టినట్టుంది" అంది.

ఆయన చాలాసేపు అలాగే చూశాడు. ఆ క్షణంలో తనకేదీ తక్కువైనట్టు అనిపించలేదని తర్వాత చెప్పాడు. పూల కింద ఆ చక్రాలున్నాయి. ఫొటోలో చూసిన చక్రాలే. ఒకదాని మీద ఒకటి, ఎంత లెక్కగా అమర్చినట్టు! అవి ఆయనకు పూర్తిగా కనిపిస్తున్నాయి.

డాక్టరమ్మ అప్పటికే చెట్టు దగ్గరికి పరుగెత్తింది. ఆ వయసులో, ఆ రాళ్ళ మీద! ఒక ఆకు అందుకుని తిరగేసింది, ఈనెలు చూసింది, వాసన చూసింది. "అదే! అదే తల్లీ, అదే!" అని కాండాన్ని రెండు చేతులా వాటేసుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, నోరేమో నవ్వుతోంది.

అప్పుడు కెమెరామన్ వెర్రికేక పెట్టాడు. "అయ్యో! రికార్డు నొక్కలేదు! డాక్టరమ్మా, కాళ్ళకు దణ్ణం పెడతా, ఇంకొక్కసారి ఆ మలుపు దగ్గర్నుంచి వచ్చి ఆశ్చర్యపోండి!"

"పెళ్ళివాళ్ళనుకున్నావురా నన్ను?" అంది ఆవిడ. అయినా కళ్ళు తుడుచుకుని వెనక్కి వెళ్ళింది. మలుపు తిరిగి వచ్చి, తలెత్తి చెట్టును చూసింది. నటించవలసిన అవసరమే రాలేదు. రెండోసారి మొదటిసారికన్నా గట్టిగా "అబ్బా!" అంది.

అందరూ తలలు పైకెత్తి పూలు చూస్తుంటే, పూలతో పనిలేని ఎర్రపచ్చాయన నేల చూపులు చూస్తూ తిరుగుతున్నాడు. రాతి పగులులో, రాలిన ఆకుల మధ్య, బొటనవేలెత్తు మొక్క ఒకటి కనిపించింది. నాలుగే ఆకులు. అవి కూడా చిన్న చక్రంలా విచ్చుకుని ఉన్నాయి. మోకాళ్ళ మీద వంగాడు. దాని పక్కన ఇంకోటి ఉంది. కాస్త అవతల మరికొన్ని.

"డాక్టరమ్మా, పైకి చాలు గానీ కిందకి చూడండి. పిల్లలున్నాయి!"

ఐదుగురూ నాలుగు కాళ్ళ మీద పాకుతూ ఆ రాళ్ళలో వెతికారు. ఎవరికి ఎక్కడ మొలక కనిపించినా "ఇక్కడోటి!" "నాకు రెండు!" అని అరుస్తుంటే లోయ మారుపలికింది. తొక్కుతామేమోనన్న భయంతో మేడమ్ బూట్లు విప్పేసి ఉత్తకాళ్ళతో నడిచింది. ఆ తర్వాత అక్కడే బండ మీద కూర్చుని డబ్బాలు విప్పారు. తమ జన్మలో అంత రుచైన తిండి తినలేదని అందరూ అన్నారు. "కొండెక్కితే రాయైనా రుచిగానే ఉంటుంది లెండి" అంది భార్య, మొహం మాత్రం వెలిగిపోతుండగా.

మ్యాపు నీళ్ళ శాఖకు చేరింది. తీగ పీకే పని ఎక్కడ మొదలుపెట్టాలన్న దాని మీద వాదన లేకుండా పోయింది. ముందు ఆ లోయ దారిలోకి పాకుతున్న దుప్పట్లు తీసేశారు. దగ్గరి ఊళ్ళ జనమే ఆ పనికి వచ్చారు. తీగ కింద నుంచి బయటపడ్డ చెట్లు కొన్నాళ్ళు వంగిపోయి, బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాయి. చాలావరకు చిగురించాయి, కొన్ని మాత్రం కోలుకోలేదు. డాక్టరమ్మ గొడుగుమాను గింజలు తెచ్చి మొలకలు కట్టించింది. మొదటి విడతలో సగం చచ్చిపోతే రెండురోజులు ఆ ఎండిన మొక్కల దగ్గరే కూర్చుంది. రెండో విడత నీడలో పెట్టి పెంచింది. అవి నిలిచాయి.

ఆ మరుసటి వానల్లో, తీగ తీసేశాక ఖాళీ అయిన వాలు మీద వాటిని నాటారు. ఆ రోజు కెమెరామన్ డ్రోన్‌ని పైకి లేపి, రిమోట్‌ని తీసుకొచ్చి ఎర్రపచ్చాయన చేతిలో పెట్టాడు.

"నాకెందుకురా? కొండకు గుద్దేస్తాను!"

"గుద్దవన్నా. ఎడమ మీట పైకీ కిందకీ, కుడి మీట ముందుకీ వెనక్కీ. రంగులేం లేవు, నొక్కు."

నొక్కాడు. డ్రోన్ ఒక్క ఊపు ఊగి నిలదొక్కుకుంది. మెల్లగా వాలు మీదుగా సాగింది. చేతిలోని తెర మీద కొండ కదిలింది. తవ్విన గుంతలు, గుంతల పక్కన మనుషులు. అంత ఎత్తు నుంచి అందరూ టోపీలే. అయినా చకచకా నడిచేది మేడమ్ అనీ, ప్రతి మొక్క దగ్గరా ఆగి ఆగి వెళ్ళేది డాక్టరమ్మ అనీ తెలిసిపోయింది. ఒక టోపీ మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఆకాశంలోకి చూస్తోంది. కాసేపటికి ఆ చెయ్యి పైకి లేచి, ఇటూ అటూ ఊగింది.

"వదిన పిలుస్తోందన్నా, భోజనానికి రమ్మని" అన్నాడు కెమెరామన్.

"పిలవనీ. ఇంకో చుట్టు" అన్నాడు ఎర్రపచ్చాయన. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ డ్రోన్‌ని ఇంకాస్త పైకి లేపాడు.